పాతవ్యానుకు క్రొత్త స్ట్రట్లు

మన సభ్యులలో మారుతీ ఓమ్నీ వ్యానును నేటికిని విడువనివారు పలువురు కలరు. 1984లో వెలువడి, 2019లో తయారీ నిలిచిపోయిన ఆ బండి, ప్రొద్దున వంకాయగంపలను సంతకును, సాయంకాలము పిల్లలను ముసలివారిని ఇంటికిని చేర్చుచునే యున్నది. దాని ముందుచక్రముల స్ట్రట్లు చెడినచో ఎట్టివి కొనవలయునను విషయమై సంఘ కార్యాలయపు అరుగుమీద ఇటీవల చాల వాదము జరిగినది. పాతబండికి క్రొత్తసామానేల, దొరికినది బిగించిన చాలదా యని కొందరి పక్షము. మేమీ పక్షముతో ఏకీభవింపజాలము.

స్ట్రట్టు చేయు పనిని గూర్చి మనలో కొంత పొరపాటు కలదు. ఓమ్నీకి వెనుక కమానుకట్టలును, వానికి తోడుగా విడిగా షాకబ్జార్బర్లును ఉండును. ముందుభాగమున నట్లు గాదు. అచ్చట స్ప్రింగును మోయు స్ట్రట్టే చక్రమును నిలువుగా పట్టియుంచును. స్టీరింగు త్రిప్పినపుడు చక్రముతోపాటు తానును తిరుగును. మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు కల్పించిన ఈ యేర్పాటు 1950 ప్రాంతమున ఫోర్డుకార్లలో వాడుకకు వచ్చి, పిమ్మట చిన్నకార్లలో విశేషముగా వ్యాపించినది. స్ట్రట్టు లోపల పిస్టను నూనెలో ఆడుచుండును. సన్నని రంధ్రములగుండ నూనె ఇరుకుకొని పోవుటచేత స్ప్రింగుయొక్క ఊపు అణగి వేడిగా మారును. సీలు అరిగి నూనె కారిపోయెనా, ఊపు అణగదు. గుంతపడినప్పుడెల్ల చక్రము నేలవిడిచి ఎగురును. ఎగురు చక్రమునకు బ్రేకు పట్టదు, స్టీరింగు లొంగదు. ఓమ్నీలో ఇంజనును, నడుపువాడును ముందుభాగముననే యుండుటచే బ్రేకువేయగనే బండి ముక్కు నేలకు వంగుట మీరెల్లరు చూచినదే.

గట్టి స్ట్రట్టు వేసిన బరువెక్కువ వేయవచ్చునని యొక సభ్యుడు వాదించెను. అది సరిగాదు. బరువును మోయునది స్ప్రింగు, కమాను. స్ట్రట్టులోని నూనె ఊపును మాత్రమే అణచును. బండికి నిర్ణయించిన బరువు ఏ స్ట్రట్టుచేతను పెరుగదు.

కొనుటకు ముందు పరీక్ష అవసరము. బండి ముందుమూలను చేతులతో బలముగా అదిమి విడువుడు. ఒకమారు లేచి కుదురుకొనిన మంచిదే. రెండు మూడు మార్లు ఊగిన స్ట్రట్టుపని అయిపోయినట్లే. గొట్టము తడిసి నూనె చుక్కలు దిగుచున్నను, టైరు అక్కడక్కడ గుంతలుగా అరిగినను అనుమానింపవలయును. టకటక శబ్దము మాత్రము నమ్మదగిన గుర్తుగాదు. అది పైమౌంటు రబ్బరుదో, క్రింది బాల్‌జాయింటుదో కావచ్చును. ఆ శబ్దమునుబట్టియే మంచి స్ట్రట్లు తీసిపారవేసినవారు మనలో లేకపోలేదు.

ఇక సామాను మాట. నూనె నింపి, రంగుపూసి, "రీకండిషను" పేర అమ్మువానిని ముట్టవలదని మా దృఢాభిప్రాయము. ఈ మాట అనుభవముపై చెప్పుచున్నాము. పట్టణమున నొక దుకాణములో క్రొత్తవాని వెలలో సగమునకు దొరికినవని మేమే రెండు తెచ్చి బిగించితిమి. వర్షాకాలము దాటక పూర్వమే రెండును కారినవి. బిల్లు లేకుండుటచే అడుగుటకు నోరులేకపోయినది. బిగింపుకూలి రెండుమార్లు చెల్లించితిమి. కంపెనీముద్ర గల సామానుగాని, గేబ్రియల్ వంటి పేరుపొందిన తయారీదారులు ఆ బండికే నిర్దేశించినది గాని బిల్లుతో తీసికొనుట మేలు. నూనెరకము, గ్యాసురకము రెండును పనికివచ్చును. గతుకులదారిలో ఎడతెగక తిరుగువారికి, నూనెలో నురుగు తక్కువగుటచే, గ్యాసురకము కొంత మేలని మా యెన్నిక. ఒకప్రక్క ఒకటి, రెండవప్రక్క మరియొకటి మాత్రము వలదు. చెడినది ఒకటేయైనను జతగా మార్చవలయును. లేనిచో బ్రేకువేసినపుడును, మలుపులోను రెండు ప్రక్కలు రెండు తీరుల నడచును.

పైమౌంటు, దాని బేరింగు, లోపలి బంపురబ్బరు, దుమ్ముతొడుగు అరిగియున్నచో అప్పుడే మార్పించుడు. ఎట్లును విప్పినపని గదా. స్ప్రింగును తగిన సాధనముతో అదిమి పట్టక నట్టు విప్పు మేస్త్రీని వెంటనే ఆపుడు. అదిమిన స్ప్రింగు ఎగిరి ప్రాణాపాయము కలిగించును. బిగించిన తరువాత చక్రముల అలైన్‌మెంటు చూపించుట మరువరాదు. ఆ కొద్దిపాటి రుసుమునకు వెనుదీసి, క్రొత్తటైర్లను ఒకప్రక్క కోరిగించుకొనుచున్నవారిని చూచి మాకు నవ్వును వచ్చుచున్నది, జాలియు కలుగుచున్నది.

ఒక్క సందర్భమున మాత్రము మేమును వద్దనియే చెప్పుదుము. స్ట్రట్టు పైకొన బిగియు బాడీరేకు త్రుప్పుతిని వ్రేలితో నొక్కినంతనే లొంగుచున్నయెడల, ముందా రేకుమాట చూడుడు. 15 సంవత్సరములు నిండిన స్వంతబండి రిజిస్ట్రేషను పునరుద్ధరణకు తనిఖీకి నిలుపవలసినదే. ఆ పిమ్మట 5 సంవత్సరములకొకమారు అదే పని. అట్టి రేకుతో అది నెగ్గునను ఆశ మాకు లేదు.

విడివిడిగా కొని మోసపోవుటకంటె సంఘముద్వారా కలిసి తెప్పించుకొనుట మంచిదని కార్యవర్గమునకు సూచించితిమి. కావలసినవారు బండి తయారైన సంవత్సరమును, ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును వ్రాసి, వచ్చు సమావేశమునకు ముందుగా కార్యదర్శికి అందజేయగోరుచున్నాము. పది జతలు కూడిన తరువాత బేరము మాటాడుదుము.