చదువుకూ కొలువుకూ నడుమ

1998లో సైబర్ టవర్స్ వెలసిననాడు చుట్టూ వున్నవి రాళ్లగుట్టలు. నేడు హైటెక్ సిటీ లక్షలమందికి జీవనాధారం. అక్కడి పనికి ముఖ్యంగా కావలసినవి తెలివి, శిక్షణ, ఒక కంప్యూటరు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాధనాలు వచ్చిన తరువాత చూపులేనివారికి సైతం ఆ పని అసాధ్యం కాదు. అయినా చదువుకున్న వికలాంగ యువకులకు అక్కడ చోటు దొరకడం కష్టంగానే వున్నదంటే, అందుకు కారణాలు విచారించవలసి వున్నది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లను, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతాన్ని కేటాయించింది. ప్రైవేటు సంస్థలకు అట్టి నిర్బంధం లేదు. అవి సమానావకాశ విధానాన్ని ప్రకటించవలె. సిబ్బందిలో 5 శాతమైనా వికలాంగులు వుండేటట్లు ప్రభుత్వం ప్రోత్సాహకాలివ్వవలె. హైటెక్ సిటీలోని కొలువులు చాలవరకు ప్రైవేటువే. కళాశాల వరకు చేయిపట్టి నడిపించిన చట్టం కొలువు గుమ్మం వద్ద చేయి వదలుతున్నదన్నమాట.

గుమ్మం చేరడమూ సులభం కాదు. మెట్లు, కాలిబాటలు, వెబ్‌సైట్లు అందరికీ అనువుగా వుండేందుకు కొన్ని ప్రమాణాలను సలహాలుగా వదలక తప్పనిసరి చేయవలెనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకు ఆధారమైన నివేదికను కోర్టు కోరికపై సిద్ధం చేసినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే.

అయితే అన్నిటికన్న ముందు మూసుకునే తలుపు బడిలో వున్నది. మచిలీపట్నం సమీపాన సీతారామపురంలో పుట్టుకతో అంధుడైన బొల్లా శ్రీకాంత్‌కు పదవ తరగతి తరువాత సైన్సు చదివేందుకు అనుమతి లభించలేదు. ఉపాధ్యాయుల అండతో న్యాయస్థానానికి వెళ్లి ఆ హక్కు సాధించాడు. ఇంటర్మీడియట్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి వికలాంగులకు పని కల్పించాడు.

ఒకడు గెలిచాడని మెచ్చుకోవడం తేలిక. కోర్టు మెట్లెక్కలేని తక్కిన పిల్లల మాటేమిటి? జాలితోనైనా సరే, ఎనిమిదవ తరగతిలో లెక్కలు మాన్పించిన పిల్లవాడికి, ఇరవైరెండవ యేట ఏ సంస్థ తలుపు తెరచినా ఫలితం స్వల్పం. చట్టం నిర్ణయించిన మేరకు వైకల్యం గలవారికి 18 ఏళ్ల వరకు పుస్తకాలు, పరికరాలు ఉచితంగా అందవలె. పరీక్షలో అదనపు సమయం, అవసరమైతే వ్రాయసగాడు వుండవలె. తరగతిలోని యే విద్యార్థికి వీటిలో యేది అందలేదో ముందుగా తెలిసేది ఉపాధ్యాయునికే. అది అడిగి తెప్పించవలసిన బాధ్యతా ఆయనదే.