జవాబు రాకపోవడం కూడా తీర్పేనా?

ఉద్యోగం వెతుక్కుంటూ దుబాయి వచ్చిన మన కుర్రాళ్ళు మొదటి వారంలో "అన్నా, నా సీవీ ఓసారి చూస్తావా?" అని అడుగుతారు. ఆరో వారానికి అదే కుర్రాడు "అన్నా, నాలోనే ఏదో లోపం ఉందంటావా?" అంటాడు. మధ్యలో జరిగిందల్లా ఓ వంద దరఖాస్తులు, అయిదారు 'రిగ్రెట్' మెయిళ్ళు, మిగతాదంతా నిశ్శబ్దం.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఈ నిశ్శబ్దానికో పేరుంది. సర్వర్‌కి రిక్వెస్ట్ పంపితే ఎంతకీ జవాబు రాకపోతే 'టైమవుట్' అంటాం. అవతలి సర్వర్ పడిపోయిందో, లైను తెగిందో, క్యూలో మన ముందు వెయ్యి మంది ఉన్నారో తెలియదు. అంతమాత్రాన రిక్వెస్టే తప్పని ఏ ప్రోగ్రామరూ తేల్చేయడు. ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతి టైమవుట్‌నీ మన మీద తీర్పు కింద రాసేసుకుంటాం!

అవతలి కుర్చీలో కూర్చుని ఇంటర్వ్యూలు చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. ఒకచోట ముగ్గురిని ఎంపిక చేసి పంపాక బడ్జెట్ ఆగిపోయింది. ఆ ముగ్గురికీ ఎవరూ కబురు చెప్పలేదు. ఇంకోచోట లోపలి మనిషికే ఇవ్వాలనుకున్న పోస్టుకి పద్ధతి కోసం ప్రకటన వేశారు. పైగా 2022 నుంచి, 50 మంది, ఆపైన ఉన్న ప్రైవేటు కంపెనీలు నైపుణ్యం ఉన్న కొలువుల్లో ఎమిరాతీల వాటాని ఏటా 2 శాతం పెంచాలన్న నియమం ఉంది. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలు, తప్పుపట్టడానికేం లేదు. 2009 నవంబరులో దుబాయ్ వరల్డ్ తన అప్పులకి గడువడిగిన నాటికి ఎన్నో కట్టడాలు సగంలో ఆగాయి. ఆ ఏడాది ఖాళీగా తిరిగిన సివిల్ ఇంజనీర్లు రాత్రికి రాత్రి చదువు మర్చిపోయారా?

"ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెప్తావు, ఇక్కడ వీసా అయిపోతోంది" అంటారా? నిజమే. విజిట్ వీసా 30 రోజులో, 60 రోజులో. బెడ్‌స్పేస్ అద్దె ఆగదు. అందుకే ఆత్మవిశ్వాసం పోగొట్టుకోవడం ఇక్కడ చాలా ఖరీదైన వ్యవహారం అంటాను. సరిగ్గా ఆరో వారంలోనే ఎవడో ఫోన్ చేస్తాడు. "మూడు వేల దిర్హములు కట్టండి, ఆఫర్ లెటర్ రేపే" అంటాడు. మొదటి వారంలో నవ్వి ఫోన్ పెట్టేసే మనిషే ఆరో వారంలో అప్పుచేసి కడతాడు. తన అర్హతకి ఉద్యోగం రాదని అప్పటికే నమ్మేశాడు కదా!

2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చులు యజమానివే. నేరుగా గానీ, చుట్టూ తిప్పి గానీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. మెయిన్‌ల్యాండ్ కంపెనీ ఇచ్చిన ఆఫర్‌ని కార్మిక మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. ఫ్రీజోన్ అయితే ఆ జోన్ అధికారులని అడగాలి. "ముందు విజిట్ మీదే పనిలో చేరు, వీసా తర్వాత చూద్దాం" అంటే చేరకండి, అది చట్టవిరుద్ధం. 2024లో అలా పనిచేయించుకునే యజమానులకి జరిమానాని పెంచి, కనీసం లక్ష, గరిష్ఠం పది లక్షల దిర్హములు చేశారు.

మరి చేయాల్సిందేమిటి? ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి. జవాబే రానివి, ఇంటర్వ్యూ లేకుండా కాదన్నవి, ఇంటర్వ్యూ చేసి కాదన్నవి. మన పనితనం గురించి ఎంతో కొంత చెప్పేది మూడోది ఒక్కటే. అది నిండుతుంటే ఎక్కడ తడబడుతున్నామో చూసుకుని చదువుకోవాలి. మొదటి రెండే నిండుతుంటే సీవీనో, దారినో మార్చాలి. తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళాలి. అంతేగానీ మనల్ని మనం తక్కువ చేసుకోనక్కర్లేదు. తిరుగు ప్రయాణం తేదీ కూడా ముందే అనుకుని పెట్టుకోవాలి. డిగ్రీ ఉన్నవాళ్ళలో అర్హులకి 2022 అక్టోబరు నుంచి 60, 90, 120 రోజుల ఉద్యోగాన్వేషణ వీసా ఇస్తున్నారు. ఈసారి వెళ్ళిపోతే తలుపులన్నీ మూసుకుపోవు.

ఇంటి దగ్గర ఇది చదువుతున్న పెద్దలకి ఓ మనవి. రోజూ ఫోన్‌లో "ఏరా, ఏమైనా తెలిసిందా?" అని అడక్కండి. తెలిస్తే వాడే ముందు మీకు చేస్తాడు. పక్కవీధి వాళ్ళబ్బాయికి నెలలోపే వచ్చిందన్న కబురు కూడా వాడికి చేరేసే ఉంటుంది. ఒకవేళ ఉద్యోగం లేకుండానే తిరిగొస్తే, ఏ విమానానికి దిగుతున్నాడో అడిగి ఎదురెళ్ళండి. మిగతా లెక్కలు వాడి కాగితం మీద ఉన్నాయి, తీరిగ్గా చూసుకోవచ్చు.