2025లో ఇండియా ఫుట్‌బాల్ కొత్త కోచ్ రేసు ఎలా సాగింది? రేసులో ముగ్గురు.. టైమ్ మాత్రం అక్టోబర్ దాకానే ఉండేది!

2025 జులైలో ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌కు కోచ్ లేరు. జులై 2న మనోలో మార్కెజ్ తప్పుకున్నారు. ఆ పోస్టు కోసం ఏకంగా 170 అప్లికేషన్లు వచ్చాయి. బార్సిలోనా మాజీ కోచ్ జావీ పేరు వినగానే సోషల్ మీడియా ఊగిపోయింది. తీరా చూస్తే ఆ మెయిల్ అసలుది కాదని ఏఐఎఫ్ఎఫ్ తేల్చేసింది. ఇక మిగిలింది ముగ్గురే. ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టాంటైన్, స్టెఫాన్ తార్కోవిచ్. 2025 ఆగస్టు 1న జరగాల్సిన ఎగ్జిక్యూటివ్ కమిటీ మీటింగ్‌పైనే అప్పట్లో అందరి కళ్లూ ఉండేవి.

ఎందుకంత టెన్షన్?

2027 ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో ఇండియా అప్పటిదాకా రెండు మ్యాచ్‌లు ఆడింది. బంగ్లాదేశ్‌తో 0-0 డ్రా, హాంకాంగ్ చేతిలో 0-1 ఓటమి. అప్పుడు చేతిలో ఉన్నది ఒక్క పాయింట్. గ్రూప్‌లో ఆఖరి స్థానం. టాప్‌లో నిలిచిన టీమ్‌కే సౌదీ అరేబియా టికెట్. సింగపూర్, హాంకాంగ్ దగ్గర చెరో 4 పాయింట్లుండేవి. 2025 అక్టోబర్ 9, 14 తేదీల్లో ఆ సింగపూర్‌తోనే వరుసగా రెండు మ్యాచ్‌లు ఆడాల్సి ఉండేది. అక్కడ బోల్తా పడితే కథ దాదాపు ముగిసినట్టే అన్న పరిస్థితి.

ఎవరి బలం ఏంటి?

కాన్‌స్టాంటైన్‌కు ఇండియా కొత్త కాదు. గతంలో రెండుసార్లు కోచ్‌గా చేశారు. ఆయన హయాంలోనే 2017లో ర్యాంక్ 96కి చేరింది. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం. కానీ గ్రూప్ దశ దాటలేదు. ఆ టోర్నీతోనే ఆయన వెళ్లిపోయారు.

తార్కోవిచ్‌ది పెద్ద రెజ్యూమే. యూరో 2020లో స్లొవేకియాకు కోచ్. ఆ టోర్నీలో పోలండ్‌పై గెలిచారు. తర్వాత కిర్గిజ్‌స్థాన్‌తో పనిచేసి ఆసియా ఫుట్‌బాల్ కూడా చూశారు. ఇండియా ప్లేయర్లు మాత్రం ఆయనకు కొత్త.

ఖాలిద్ జమీల్ 2017లో ఐజ్వాల్‌ను ఐ-లీగ్ చాంపియన్‌గా నిలిపారు. 2024-25 సీజన్‌లో జంషెడ్‌పూర్‌ను ఐఎస్ఎల్ సెమీస్‌కు చేర్చారు. ఆయనకు ఛాన్స్ వస్తే, 2012లో సావియో మెడీరా తర్వాత ఫుల్‌టైమ్ ఇండియన్ కోచ్ రావడం మళ్లీ అప్పుడే అన్నమాట!

కోచ్ మారితే గోల్స్ పడతాయా?

అసలు ప్రశ్న ఇదే. మనోలో అంటే హైదరాబాద్ ఫ్యాన్స్‌కు ఇప్పటికీ అభిమానమే. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే. అలాంటి కోచ్ నేషనల్ టీమ్‌తో 8 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. మొత్తం 5 గోల్స్. అందులో 3 మాల్దీవులపైనే! పైగా అప్పట్లో గోవా క్లబ్‌కూ ఆయనే కోచ్. అంటే డబుల్ డ్యూటీ. 40 ఏళ్ల వయసులో సునీల్ ఛెత్రిని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలవాల్సి వచ్చిందంటే స్ట్రైకర్ల కొరత ఏ రేంజ్‌లో ఉందో అర్థం చేసుకోవచ్చు. 2025 జులైలో ఐఎస్ఎల్ కొత్త సీజన్ కూడా ఆగిపోయింది. మ్యాచ్‌లే లేకపోతే ప్లేయర్లు ఫామ్‌లోకి ఎలా వస్తారు?

అందుకే ఖాలిద్ వైపు మొగ్గు

ఇండియన్ అన్న సెంటిమెంట్ ఒక్కటే సరిపోదు. కానీ అప్పటికి అక్టోబర్‌కు టైమ్ తక్కువ. ప్లేయర్లను కొత్తగా తెలుసుకోవాల్సిన పని లేని కోచ్ కావాల్సి ఉండేది. ఆ లెక్కన ఖాలిద్‌కే ఎడ్జ్ ఉండేది. 1951, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమే. ఆయన 1950 నుంచి పదేళ్లకు పైగా ఆ బాధ్యతలో ఉన్నారు. ఈ కాలంలో కోచ్‌కు అన్నేళ్లు ఎవరూ ఇవ్వరు. కనీసం క్లబ్ డ్యూటీ లేకుండా ఫుల్‌టైమ్ పని, రెండు మ్యాచ్‌లు పోగానే సాగనంపరన్న భరోసా ఇవ్వాలి. అది లేకపోతే ఎవరొచ్చినా మరుసటి ఏడాది మళ్లీ ఇదే చర్చ.