సోల్డరింగ్ రాని ఇంజనీరు

ఈసీఈ పట్టా చేతికొచ్చి ఆరేళ్ళయింది. సోల్డరింగ్ మాత్రం పోయిన నెలలోనే నేర్చుకున్నా! మాది ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనేసిన బ్యాచ్ మరి.

మా ఆఫీసులో ఆర్డుయినో పిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే. మాడ్యూల్ కొనడం, జంపర్ వైర్లు గుచ్చడం, నెట్లో దొరికిన కోడ్ ఎక్కించడం. పని జరుగుతుంది, కాదనను. కానీ రోజూ ఉద్యోగంలో మనం చేసేదీ అదేగా? ఎవరో రాసిన లైబ్రరీ తెచ్చి అతికించడం!

అందుకే నేను కోఠీ గుజరాతీ గల్లీకెళ్ళి 555 టైమర్‌తో ఎల్ఈడీ వెలిగి ఆరే సర్క్యూట్‌కి కావలసినవన్నీ విడివిడిగా కొన్నా. ఓ ఆదివారమంతా కూర్చుని సోల్డర్ చేసి బ్యాటరీ తగిలిస్తే... వెలగదే! గంటసేపు వెతికితే తేలిందేంటయ్యా అంటే, ఎల్ఈడీ తిరగేసి పెట్టా. పొడుగు కాలు ప్లస్సని పుస్తకంలో చదివినవాణ్ణే. ఇక్కడ కంట్రోల్-జెడ్ ఉండదు. సోల్డర్ కరిగించి, పంపుతో లాగేసి, మళ్ళీ పెట్టాల్సిందే.

ఈసారి సెకనుకోసారి వెలిగింది. 68 కిలోఓమ్‌ల రెసిస్టర్ తీసి 33 పెడితే వేగం దాదాపు రెట్టింపయింది. పరీక్ష కోసం బట్టీపట్టిన ఫార్ములా అప్పుడు నిజంగా అర్థమైంది.

మాడ్యూళ్ళు వద్దని కాదు. మొదటి కిట్ మాత్రం సోల్డర్ చేసేదే కొనండి. పొగ పీల్చకుండా కిటికీ తెరవండి, సీసం ఉన్న సోల్డరైతే చేతులు కడుక్కోండి.

ఇంతకీ మీ ఫైనలియర్ ప్రాజెక్టు మీరే చేశారా? నిజం చెప్పాలి :)