స్వదేశాగమనము - రహదారి నియమము

విదేశములందు పదియేండ్లు, పదునైదేండ్లు కాపురముండి మరలి వచ్చినవారు నేడు మన పట్టణములందు వీథివీథిని కానవచ్చుచున్నారు. అమెరికానుండి వచ్చినవారిని విజయవాడ, హైదరాబాదు నగరములందును, గల్ఫు రాజ్యములనుండి వచ్చినవారిని కరీంనగరము, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములందును చూడవచ్చును. వచ్చిన దినముననే బంధువులు వేయు ప్రశ్న యొక్కటే: మఱల ప్రయాణ మెన్నడు? ఇక పోనన్నవానిని జాలిగా చూచుట మనవారి కలవాటు. ఆ చర్చ యిప్పుడు మాకు ప్రస్తుతము గాదు. వచ్చినవాడు బండి తాళము చేతబట్టి రోడ్డెక్కినప్పుడు కలుగు చిక్కును గూర్చియు, ఆ చిక్కు తీరుటయందే దాగియున్న యపాయమును గూర్చియు నేడు వ్రాయదలచితిమి.

అమెరికాలో బండ్లు రోడ్డునకు కుడిప్రక్కను నడచును. డ్రైవరు బండిలో ఎడమవైపున కూర్చుండును. సౌదీ, కువైటు, దుబాయి మొదలగు చోట్లను అంతే. మనకు రెండును తారుమారు. మా బంధువులలో నొక యువకుడు న్యూజెర్సీలో పదునొకం డేండ్లుండి విజయవాడ చేరి కారు కొనెను. మొదటి దినమున మేమాతని ప్రక్కను కూర్చుంటిమి. మలుపు దీపము వేయబోయి, ఎండ మండిపోవుచుండగా అద్దము తుడుచు వైపరుల నాడించెను. గేరుకొఱకు కుడిచేయి చాచి తలుపును పట్టుకొనెను. బండి దిగి రోడ్డు దాటవలసివచ్చినప్పుడు, పాత యలవాటుచొప్పున ఎడమదెసనే చూచి అడుగు వేయబోగా, కుడినుండి వచ్చు ఆటో మీదపడకుండ మేము చొక్కా పట్టి వెనుకకు లాగితిమి. నాటి సాయంకాల మతడు నిట్టూర్చి, "అన్నయ్యా, అక్కడ దీపం చూసి నడుపుతాం, ఇక్కడ ఎదుటివాడి మొహం చూసి నడపాలి" అనెను. ఆ మాటలో అతిశయోక్తి లేదు. మన రోడ్డుమీద ప్రతి కూడలియు నొక బేరము. హారను మ్రోతయే అందలి భాష.

ఐనను, ఆ మొదటి వారములలో నతడు ఎవరికిని హాని చేయలేదు. భయమే అతనిని కాచెను. స్వీడను దేశము 1967 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవాఱుజామున 5 గంటలకు ఎడమప్రక్కను విడిచి కుడిప్రక్కకు మాఱినది. దేశమంతయు రక్తసిక్తమగునని పలువురు శంకించిరి. జరిగినది వేఱు. ఆరంభమున ప్రమాదములు తగ్గెను; జనుల భయము తీరి క్రొత్తదారి అలవాటైన పిదప క్రమముగ పూర్వస్థితికి వచ్చెను. స్వీడనున కది యెడమనుండి కుడికి, మనవానికి కుడినుండి యెడమకు; మనుష్యస్వభావము మాత్రమొక్కటే.

మూడు నెలలు గడచిన పిదప మఱల అతని కారెక్కితిమి. వైపరులు కదలలేదు, గేరు తడబడలేదు. కాని ఎఱ్ఱదీపము పడియుండగనే బండిని ముందుకు దూకించెను. తరువాత రెండు ఫర్లాంగుల దూరము ఎదురుదారిని, అనగా జనులు రాంగు రూటని పిలుచుదానిని, నడపెను. పసిపిల్లల బడిబస్సు ఆగి ఎఱ్ఱదీపములు వెలిగించినచో, నడుమ గట్టులేని రోడ్డుమీద నిరుప్రక్కల బండ్లును ఆగితీరవలయునన్న అచటి నియమమును పదునొకం డేండ్లు పాటించినవా డితడే! ఏమని యడిగితిమి. "అలవాటైపోయింది" అనెను. మేము గట్టిగా మందలింపలేకపోతిమి. కారణము దాచనేల? న్యాయస్థానమునకు వేళ మించుచున్నదని యొకనాడు మేమును ఆ యెదురుదారినే పోయి, తరువాత గంటసేపు చట్టమును గూర్చి వాదించి వచ్చితిమి.

2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు ఎఱ్ఱదీపమును దాటుటయు, ఎదురుదారిని పోవుటయు అపాయకరముగ బండి నడపుటయే యని 184వ సెక్షనులో స్పష్టపఱచిరి. ఆఱునెలలనుండి సంవత్సరమువఱకు ఖైదుగాని, 1,000 నుండి 5,000 రూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. చట్టమునకు లోపము లేదు. 2022లో దేశమందు రోడ్డు ప్రమాదములవలన మరణించినవారు 1,68,491 మంది; వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారు. కారులోని విదేశీయానుభవశాలి ఎదురుదారిని వచ్చినప్పుడు ముందుగ బలియగువాడు ఆ మోటారుసైకిలువాడే. ఇందు నేరమంతయు డ్రైవరుపై మోపుటయు న్యాయము గాదు. మలుపు తిరుగుటకు నడిమి గట్టున సందు లేక, కంటియెదుటి యింటికి చేరుటకు రెండు కిలోమీటర్లు చుట్టిరావలెనన్నచో, రాంగు రూటును కనిపెట్టినది ఆ గట్టు కట్టిన యింజనీరే యనవలసి వచ్చును.

ఇక గల్ఫునుండి వచ్చువారి గతి మఱియొకటి. అమెరికా యుద్యోగిని గూర్చి యెంత వ్రాసినను పత్రికలకు తృప్తిలేదు గాని, ఎడారి రోడ్లపై పెద్ద ట్రెయిలరులను ఏండ్లతరబడి నడపి వచ్చిన కరీంనగరము డ్రైవరు నెవరు తలంతురు? ఆతని స్వదేశపు లైసెన్సు ఈలోగా గడువు తీరియుండును. గడువు తీరి ఒక సంవత్సరము దాటినచో పరీక్షలో నెగ్గినగాని పునరుద్ధరింపరాదని 15వ సెక్షను చెప్పుచున్నది; 2019 సవరణకు పూర్వము ఈ వ్యవధి అయిదు సంవత్సరములు. జీవితమంతయు చక్రము పట్టినవాడు పదునెనిమిదేండ్ల బాలురతోపాటు వరుసలో నిలువవలసివచ్చుట అవమానముగ తోచునుగాని, పరీక్ష మానవలెనని మేము కోరము. కుడికి మరగిన చేయి ఎడమకు మఱలినదో లేదో చూడవలసినదే. మేము కోరునది పరీక్షకు ముందు శిక్షణము. రవాణాశాఖవారు ప్రతి జిల్లాలోను తమ పరీక్షా మైదానమును ఆదివారము ఉదయము తెఱచి, విదేశములనుండి వచ్చినవారికి ఎడమప్రక్క నడకను, కూడలి మర్యాదను, వెనుక కూర్చున్నవానికిని శిరస్త్రాణము విధియన్న 129వ సెక్షనును నేర్పింపవచ్చును. పెద్ద వ్యయము గాదు.

మైదానము దొరకినచో తన కారును, తన ఆదివారములను ఇచ్చెదనని మా బంధువు మాటయిచ్చినాడు. న్యాయస్థానపు దారిలో చేసిన తప్పునకు పరిహారముగ, మేము ప్రక్కను కూర్చుండి సెక్షనులు చదువుట కంగీకరించితిమి.