ఒక్క సంతకము చాలదు

దూబగుంట స్త్రీలు రేపిన సారా వ్యతిరేకోద్యమము 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీయుటయు, 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలిపోవుటయు మన మెరిగిన చరిత్రయే. అయితే దుకాణము మూసిననాడు గాని తెరచిననాడు గాని, త్రాగుడునకు లోబడిన మనుష్యుడు కోలుకొను మార్గమేదని విచారించినవారు అరుదు.

కేంద్ర సామాజిక న్యాయశాఖ 2019లో ప్రకటించిన సర్వే ననుసరించి, మద్యవ్యసనమునకు చిక్కిన 38 మందిలో ఒక్కడే ఏదో యొక చికిత్సనో సాయమునో పొందుచున్నాడు. గుంటూరు శివారు నల్లపాడునుండి పెద్దాసుపత్రి ఆటో దూరమే గాని, మిర్చి టిక్కీలు మోయు హమాలి సీజనులో ఒకనాటి కూలి వదలుకొని, ఓపీ వరుసలో నిలిచి, తన బలహీనతను పరాయివాని యెదుట విప్పి చెప్పుట ఆటో యెక్కినంత సులభము కాదు. ఆ దారిని నడచి వచ్చిన సాటివాడు వెంటనున్నచో నోరు పెగలును. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున త్రాగుడునకు బానిసలైన ఒక స్టాక్ బ్రోకరును, ఒక వైద్యుడును ఒకరికొకరు ఊతమగుటచేతనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది.

మన ప్రభుత్వమునకును ఈ సంగతి తెలియును. కేంద్ర సాయముతో నడచు వ్యసన విముక్తి కేంద్రముల సిబ్బంది పట్టికలో, వ్యసనము మాని ఏడాది రెండేండ్లు నిలిచినవానికి పీర్ ఎడ్యుకేటరను పేర ఒక స్థానము కలదు; ఆ పదవిలో నున్నంతకాలము మత్తు జోలికి పోనని అతడు హామీపత్రముపై సంతకము చేయవలెను. కాని వ్యసనము తిరుగబెట్టు స్వభావముగల రోగమని వైద్యులే చెప్పుచుండగా, తప్పటడుగు వేసిననాడు కొలువు పోవునని భయపడువాడు ఆ అడుగును దాచుకొనునే గాని, చికిత్సకు వచ్చునా?

సహాయపడు సాటివానికి అనుభవమే చాలునని తలచుటయు పొరపాటు. ఏండ్ల తరబడి విపరీతముగా త్రాగినవాడు, మాల వేసుకొనియో ఒట్టు పెట్టుకొనియో (మన పల్లెలలో ఇది పరిపాటియే) ఒక్కసారిగా మానినచో, రెండు మూడు దినములలో మూర్ఛలు, భ్రాంతి, సంధిప్రేలాపన కలిగి ప్రాణాపాయమే సంభవింపవచ్చును. ఆ లక్షణములు కనబడినంతనే ఆసుపత్రికి చేర్చవలెనని సహాయకునికి నేర్పవలెను. విన్న రహస్యమును ఇరుగుపొరుగున పొక్కనీయకుండుటయు, తన కథనే యెదుటివాని కథగా భావింపకుండుటయు నేర్పవలెను.

మద్యముపై ఎంతో రాబడి తీయు రాష్ట్రము, పెద్దాసుపత్రి మానసిక వైద్యుల పర్యవేక్షణలో, మిర్చి యార్డు పరిసరములకును నల్లపాడునకును ఇట్టి ఇద్దరు సహాయకులను నియమించి, గౌరవవేతనమని నాలుగు రూకలు చేతబెట్టక నెలజీతమే యిచ్చుట భారమేమియు కాదు. వారానికొకసారి వారి గోడు వినుటకు ఒక వైద్యుడుండవలెను. ఇక ఆ హామీపత్రమున సంస్థయు సంతకము చేయవలెను: ఇతడు జారిననాడు సెలవును చికిత్సయు నిచ్చి, కోలుకొన్న పిమ్మట కొలువు తిరిగి యిత్తుమని.