వాతావరణ దత్తాంశంలో శీర్షిక పంక్తుల ప్రాధాన్యం

అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం వంటి తీర మండలంలో వరికి, చెరకుకు నీటి తడులపై సలహా ఇవ్వాలంటే రోజువారీ ఉష్ణోగ్రత, వర్షపాతం, సౌర వికిరణం వివరాలు అవసరం. సమీపంలో వాతావరణ కేంద్రం లేని చోట విద్యార్థులు నాసా పవర్ వంటి ఉచిత వనరుల నుండి టెక్స్ట్ ఫైళ్లను తీసుకుంటారు. ఆ ఫైళ్లలో అంకెలకు ముందు కొన్ని శీర్షిక పంక్తులు ఉంటాయి. అవి సాఫ్ట్‌వేర్‌కు అడ్డు కనుక ఆర్‌లో ‘స్కిప్’, పైథాన్‌లో ‘స్కిప్‌రోస్’ ఆదేశంతో వాటిని దాటించడం పరిపాటి. యంత్రంతో పాటు పరిశోధకుడు కూడా వాటిని చదవకుండా దాటిపోవడమే అసలు సమస్య.

లభించని విలువకు -999 అని రాసినట్లు తెలిపేది ఆ పంక్తులే. జూన్ నుండి సెప్టెంబరు వరకు 122 రోజుల్లో 121 రోజులు గరిష్ఠ ఉష్ణోగ్రత 32 డిగ్రీలు ఉండి, ఒక్క రోజు -999 ఉన్నదనుకుందాం. దానిని లోపించిన విలువగా ప్రకటించకపోతే సగటు 23.5 డిగ్రీలకు పడిపోతుంది. వర్షపాతం మొత్తం రుణసంఖ్య అయితే ఎవరైనా గుర్తిస్తారు, 23.5 మాత్రం నమ్మదగిన అంకెలాగే కనిపించి, నీటి అవసరపు లెక్కలోకి, అక్కడి నుండి రైతుకిచ్చే సలహాలోకి చేరుతుంది.

ప్రమాణాల విషయమూ అంతే. ఎంచుకున్న వినియోగదారుల వర్గాన్ని బట్టి సౌర వికిరణం మెగాజౌళ్లలో గాని, కిలోవాట్-గంటల్లో గాని వస్తుంది. రెండింటికీ 3.6 రెట్ల తేడా. ఏ ప్రమాణమో చెప్పేది శీర్షికే. గడి సగటు ఎత్తు కూడా అక్కడే ఉంటుంది. సుమారు అర డిగ్రీ వెడల్పు గల గడిలో సముద్రతీరం, లోపలి కొండలు కలిసిపోయే ఈ ప్రాంతంలో ఆ సంఖ్యను గ్రామపు ఎత్తుతో పోల్చిచూడటం అవసరం.

దాటవలసిన పంక్తుల సంఖ్యను సహాధ్యాయి ప్రోగ్రాం నుండి నకలు చేయడం మరో ప్రమాదం. కోరిన అంశాలు పెరిగిన కొద్దీ శీర్షిక పొడవు పెరుగుతుంది. ఒక పంక్తి ఎక్కువ దాటితే మొదటి రోజు విలువలే నిలువు వరుసల పేర్లుగా మారి, ఆ రోజు లెక్క నుండి జారిపోతుంది. శీర్షికను ఎక్సెల్‌లో చేతితో తొలగించడం సులభమే. కాని దానితో పాటు ప్రమాణాలు, అక్షాంశ రేఖాంశాలు కూడా పోతాయి.

కనుక ఫైలును ముందుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవాలి. శీర్షిక ముగింపు గుర్తును ప్రోగ్రామే వెదికేలా రాయాలి. లోపించిన విలువ సంకేతాన్ని స్పష్టంగా ప్రకటించాలి. దిగుమతి తరువాత రోజుల సంఖ్యను, కనిష్ఠ గరిష్ఠ విలువలను సరిచూడాలి. మూల ఫైలును మార్చకుండా భద్రపరచి, శీర్షికను సిద్ధాంత వ్యాసం అనుబంధంలో చేర్చాలి. ఫలితాల పట్టికను చూసే ముందు ఆ పుటను అడిగి చూడటం మార్గదర్శకులు అలవాటు చేసుకోవాలి. దానికి పట్టేది కొద్ది నిమిషాలే. తప్పు సలహా వల్ల రైతు నష్టపోయేది ఒక పంటకాలం.